గాలిదొర నడక

సినిమాలో కథానాయకుడు నడిచి వస్తుంటే బూట్ల చప్పుడు వినిపిస్తుంది చూశారా, ఆ చప్పుడు అతనిది కాదు. ఈ మాట చెబితే కొందరు మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి, నిజం నిజమే. షూటింగులో అతను నడిచినప్పుడు మైకులో పడేది జనరేటరు మోతా, ఎవరిదో దగ్గూ, పక్క వీధిలో లారీ హారనూ. ఆ గోలంతా తీసి పారేసి, తరువాత ఎప్పుడో, తలుపులు బిగించిన గదిలో, తెర మీద బొమ్మ చూసుకుంటూ ఇంకెవరో నడుస్తారు. గాలిదొర అంతటి వీరుడి నడక కూడా అలా నడిచిందే. నడిచింది ఐదడుగుల ఎత్తయినా లేని ఒక ఆడమనిషి. స్టూడియోలో ఆవిడను అందరూ అడుగులమ్మ అంటారు. ముప్పై రెండేళ్ళుగా అంటూనే ఉన్నారు కాబట్టి అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా బతికి లేదు.

ఆవిడ పనిచేసే గది చూస్తే ఎవరైనా పాత సామాన్ల కొట్టు అనుకుంటారు. నేలలో ఆరు గుంటలు, ఒక్కొక్కటి మంచమంత. ఒకదాంట్లో బండరాయి, ఒకదాంట్లో చెక్కపలకలు, ఒకదాంట్లో గులకరాళ్ళు, తరువాత ఇసుక, రేకు, ఎండుటాకులు. గోడ పొడవునా అరవై రెండు జతల చెప్పులు, బూట్లు. నర్సు నడవాలంటే ఒక జత, జైలరుకు ఒక జత, అలిగి వెళ్ళిపోయే భార్యకు ఎత్తు మడమల జత ఒకటి. మూలనున్న తోలు గ్లవుజులు రెండూ పట్టుకుని టపటపలాడిస్తే పావురాలు లేస్తాయి. తడిపిన దుప్పటిని ఒక్క విదిలింపు విదిలించి, వెంటనే పెద్ద గొడుగు తెరిస్తే గాలిదొర ఆకాశంలోకి లేస్తాడు. ఆ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు ఆవిడ కూతురు, అప్పటికి ఆరేళ్ళది, మూడు రోజులు తల్లితో మాట్లాడలేదు.

అడుగులమ్మ ఈ పనికి రావడం కూడా వింతగానే వచ్చింది. ఇరవై రెండేళ్ళప్పుడు ఆ గది ఊడవడానికి కుదిరింది. అప్పట్లో అక్కడ శబ్దాల మాస్టారని ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన ఒకరోజు కళ్ళు మూసుకుని కునుకు తీస్తూ, ఈవిడ బకెట్టు పట్టుకుని ఇటు నుంచి అటు నడవడం విన్నారు. కళ్ళు తెరవకుండానే, "చెక్క మీద ఒకలా, రాయి మీద ఒకలా నడుస్తున్నావే! కావాలనే నడుస్తున్నావా?" అన్నారు. "చెక్క మీద గట్టిగా నడిస్తే మీకు మెలకువ వస్తుందని అండీ," అంది ఈవిడ. చీపురు అక్కడితో సరి. మర్నాటి నుంచి సహాయకురాలైంది. ఇంకో ఏడాదికి ఆ గుంటలకు చెక్క పలకలు బిగించడానికి వచ్చిన వడ్రంగిని పెళ్ళి చేసుకుంది. అతను మెట్లెక్కి వస్తుంటే విని, ఈ మనిషికి కంగారు లేదు, కోపం లేదు అని తేల్చేసిందట. మొహం తరువాత చూసింది.

ఇక గాలిదొర సంగతి. అది ముప్పై ఏళ్ళ కిందటి సినిమా. పగలంతా ఒక పెద్ద భవనంలో లిఫ్టు నడిపే మనిషి, ఎవరికైనా ఆపద వస్తే గాలినెక్కి వెళ్ళి కాపాడతాడు. పిల్లలంతా మెడకు దుప్పట్లు కట్టుకుని మెట్ల మీద నుంచి దూకి మోకాళ్ళు చెక్కుకున్న సినిమా. అన్నిటికన్నా పేరొచ్చింది వంతెన ఘట్టానికి. ఎవరినైతే కాపాడాడో వాళ్ళే అనుమానించి పొమ్మంటే, గాలిదొర ఎగరకుండా, విరిగిన వంతెన మీద నడుచుకుంటూ వెళ్ళిపోతుంటాడు. తెర మీద నడుం పైభాగమే కనిపిస్తుంది, అదీ వెనక నుంచి. సంగీతం లేదు. పదమూడు అడుగులొక్కటే. ఒక్కొక్కటీ బరువుగా, ఆచితూచి, నేల నిలుస్తుందో లేదో చూసుకుని పడినట్టు పడతాయి. పదో అడుగు సగంలో ఆగుతుంది. ఒక్క క్షణం. మళ్ళీ నడక. ఆ తరువాత గానీ అతను వెనక్కి తిరగడు. వెనక్కి తిరుగుతాడని కంటికన్నా ముందు చెవికి తెలిసిపోతుందన్నమాట! హాలు హాలంతా అక్కడ ఊపిరి బిగబట్టేది. ఆ అర అడుగు మీద పత్రికలవాళ్ళు పేజీలకు పేజీలు రాశారు. లోకభారమని ఒకరు, ఎగిరేవాడికి నేల మీద ఉండే మమకారమని ఒకరు. తెర మీద మాత్రం శబ్దం అన్న మాట కింద మాస్టారి పేరొక్కటే పడింది. సహాయకులకు పేర్లు వేసే అలవాటు అప్పట్లో లేదు.

ఆ సినిమానే ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి తీస్తున్నారు. కొత్త నటుడు, కొత్త వంతెన, అదే గాలిదొర. దీన్ని రీబూట్ అంటారట. వార్త వచ్చిన రోజు నుంచి మంగలి షాపులో, బస్సులో, లిఫ్టు కోసం నిలబడ్డ చోట ఒకటే రచ్చ. చక్కగా ఉన్నదాన్ని మళ్ళీ కెలకడమెందుకని సగంమంది, ఇప్పటి పిల్లలు ఆ పాత రంగులు చూడలేరని సగంమంది. చూడకుండానే తీర్పులిచ్చేవాళ్ళకు ఏ కాలంలోనూ కరువు లేదు. వాళ్ళందరిలోకీ గట్టి గొంతు అడుగులమ్మ ఇంట్లోనే ఉంది. ఆవిడ కూతురు.

కూతురు నగరంలో రైలు నడుపుతుంది. రోజుకు నలభై స్టేషన్లలో, ప్లాట్‌ఫాం మీద గీసిన పసుపు గీతకు జానెడు అటూ ఇటూ కాకుండా ఆపడం ఆమె ఉద్యోగం. ముక్కు మీద కోపం. చిన్నప్పుడు గాలిదొర సినిమా ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. బడి నాటకంలో గాలిదొర వేషం కట్టి, పదో అడుగు సగంలో ఆపి, చప్పట్లు కొట్టించుకుంది. అలాంటి పిల్ల రీబూట్ మాట వినగానే ఒంటికాలి మీద లేచింది.

ఇంతలో కొత్త దర్శకుడే నేరుగా అడుగులమ్మ గదికి వచ్చాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. బండరాయి గుంట దగ్గర చెప్పులు విడిచి, దాని మీద నిలబడి, "ఇక్కడేనా మేడం?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడకు నవ్వొచ్చింది, పాపం అని ఆపుకుంది.

"నేను ఏడేళ్ళప్పుడు ఆ సినిమా చూశాను మేడం. ఆ అర అడుగు విన్నాకే సినిమాలు తీయాలనిపించింది. కాలేజీలో దాని మీద రెండు గంటలు ఉపన్యాసం ఇచ్చాను. మాస్టారు లేరు, ఆయనతో పనిచేసింది మీరొక్కరే. ఆ నడక నాకు మళ్ళీ కావాలి. అచ్చం అలాగే," అన్నాడు.

అడుగులమ్మ నీళ్ళు నమిలింది. ఆ అడుగు గురించి ఆవిడకొక్కర్తికే తెలిసిన విషయం ఒకటుంది. ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచేలోపు అతను ఒక కాగితం చేతిలో పెట్టాడు. కొత్త సినిమాలో అడుగులు అని విడిగా ఒక వరుస వేస్తారు, దాని పక్కన ఆవిడ పేరు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. ఆవిడ ఆ వరుస మూడుసార్లు చదివింది. నోరు మూసుకుని సంతకం పెట్టేసింది. తప్పంటారా? ముప్పై రెండేళ్ళలో ఎన్ని వందలమంది హీరోలకు నడిచిందో, ఎంతమంది హీరోయిన్ల గాజులు గలగలలాడించిందో, పేరు కావాలని ఒక్కనాడు అడగలేదు. ఎవరో ఇస్తానంటే వద్దనడానికి ఆవిడేం సన్యాసి కాదు. ఇంటికి తీసుకెళ్ళి భర్తకు చూపిస్తే, ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి తన ఉలుల పెట్టెలో దాచాడు. ఆయన దృష్టిలో ప్రపంచంలో అంతకు మించిన భద్రమైన చోటు లేదు.

అసలు తంటా మొదలైంది పనిలో దిగాక. గాలిదొర బూట్లు ఆవిడ కాలికి రెండు సైజులు పెద్దవి, ముందు గుడ్డలు కుక్కి వేసుకుంది. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంది. అద్దం వెనక గదిలో రికార్డింగు చూసే ఆయన, అందరూ చెవులాయన అంటారు, మీట నొక్కి మాట్లాడితే ఆ మాట ఆవిడ చెవిలోనే పడుతుంది, మైకులోకి పోదు. తెర మీద కొత్త కుర్ర గాలిదొర వంతెన ఎక్కాడు. ఆవిడ బండరాయి మీద నడిచింది. ఒకటి, రెండు, మూడు... పదో అడుగు సగంలో ఆపింది. మళ్ళీ నడిచింది.

"బాగుంది అక్కా," అన్నాడు చెవులాయన. ఎంత బాగుందో ఆ గొంతులోనే తెలిసిపోయింది.

దర్శకుడు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ చేశారు. ఇసుక చల్లి చేశారు. నడుముకు బియ్యం సంచి కట్టుకుని చేసింది, బరువు కోసం. బియ్యం మోసే మనిషిలా ఉంది తప్ప గాలిదొరలా లేదు. రెండు రోజుల్లో ముప్పై ఏడుసార్లు నడిచింది. మోకాళ్ళు మొరాయించాయి. అడుగులు బాగానే పడుతున్నాయి, ఆ ఆగడం ఒక్కటే అతికించినట్టు ఉంటోంది. రెండో రోజు సాయంత్రం చెవులాయన మెల్లిగా, "పాత సినిమాలోంచి ఆ పదమూడు అడుగులూ శుభ్రం చేసి తీసి పెట్టేయొచ్చు సార్, హక్కులు మనవే," అన్నాడు.

దర్శకుడు చాలాసేపు గులకరాళ్ళ వంక చూశాడు. "రేపు మధ్యాహ్నం దాకా చూద్దాం మేడం. రాకపోతే పాతదే పెట్టేద్దాం. అప్పుడు పేరు కూడా... పాతదే వెయ్యాలి మరి. మాస్టారి పేరు," అన్నాడు. మంచివాడు, చెప్పలేక చెప్పాడు.

ఆవిడ ఇంటికి వచ్చి కాళ్ళు వేన్నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. భర్త మోకాళ్ళకు తైలం రాస్తున్నాడు. డ్యూటీ దిగి వచ్చిన కూతురు విషయమంతా విని, సానుభూతి చూపించాల్సింది పోయి, "పాతదే పెట్టేస్తారా? మంచి పని. మొదటే పెట్టాల్సింది," అంది.

"ఏమే! నా పేరు పోతుందే!"

"నీ పేరు కోసం గాలిదొరని పాడుచేస్తామంటే ఎలాగమ్మా? ఒకసారి కుదిరింది. దాన్ని మళ్ళీ చెయ్యాలని చూస్తే నకలవుతుంది. ఈ సినిమాయే తీయకూడదంటాను నేను."

"మళ్ళీ చెయ్యకూడదా? నిన్న ఇల్లు ఊడ్చాం కదాని ఇవాళ మానేశామా? నువ్వు నడిపే రైలు రోజూ అదే స్టేషన్లకి పోవట్లా?"

"రైలూ సినిమా ఒకటేనా! నాన్నా, నువ్వు చెప్పు."

"నేను తైలం రాస్తున్నాను," అన్నాడు వడ్రంగి. ముప్పై ఏళ్ళ సంసారంలో ఆయన ఎవరి పక్షానా నోరు జారలేదు.

కూతురు ఆగలేదు. "ఆ అర అడుగు అంటే ఏంటో తెలుసా అమ్మా నీకు? వెళ్ళిపోవాలనుకున్న మనిషి లోపల ఏదో కదిలితే ఆగిపోవడం. మాస్టారు ఎంత ఆలోచిస్తే అలా చేయించి ఉంటారు! దాన్ని మీరు ముప్పై ఏడుసార్లు తొక్కి..."

"లోపల కదిలింది నువ్వేనే!" అని అరిచేసింది అడుగులమ్మ.

వడ్రంగి చేతిలో తైలం సీసా అలాగే ఉండిపోయింది. ఇక దాచి లాభం లేదనుకుని ఆవిడ ఏకరువు పెట్టింది. గాలిదొర చివరి రీళ్ళకు అడుగులు వేయాల్సిన వారం మాస్టారి మోకాలు వాచిపోయింది. ఈవిడకు అప్పుడు ఎనిమిదో నెల. కడుపుతో ఉన్నవాళ్ళను ఆరో నెల దాటితే స్టూడియోలోకి రానిచ్చేవాళ్ళు కాదు. అందుకని భర్త వదులు కోటు తొడుక్కుని, ఒళ్ళు చేశానని అందరినీ నమ్మించి తిరుగుతోంది. మాస్టారి బదులు ఆ బూట్లు తనే వేసుకుంది. ఎనిమిదో నెల మనిషి ఎలా నడుస్తుంది? బరువుగా, ఆచితూచి, కాలు జారకుండా నేలను చూసుకుని నడుస్తుంది. అదీ లోకభారం. పదో అడుగు వేస్తుండగా లోపలి పిల్ల డొక్కలో ఒక్క తన్ను తన్నింది. ఆవిడ ఆగిపోయింది. మళ్ళీ నడిచింది. అద్దం వెనక నుంచి మాస్టారు, "అమ్మాయ్, ఆ బూట్లలో ఇద్దరు నడుస్తున్నారే!" అన్నారు. ఆయన కళ్ళను మోసం చేయగలిగింది గానీ చెవులనెలా చేస్తుంది? ఆవిడ ఏడుపు మొహం పెట్టింది. ఇంకోసారి చేద్దామంటే టేపు లేదు, మర్నాడే సినిమా వెళ్ళిపోవాలి. ఆ తప్పును అలాగే వదిలేశారు. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చి, ఆయన ఆ మాట మీదే పోయారు.

"మా పనిలో అడుగు ఎవరికీ ప్రత్యేకంగా వినిపించకూడదే. వినిపించిందంటే తప్పు చేసినట్టు. నేను చేసిన ఒకే ఒక్క పెద్ద తప్పుని లోకమంతా నెత్తిన పెట్టుకుంది. నీకెలా చెప్పను? నువ్వు బడిలో ఆ వేషం వేసి, పదో అడుగు ఆపి, నా వంకే చూశావు..." అంది అడుగులమ్మ. ఆవిడకు ఏడుపొచ్చేసింది.

"అంటే నేను గాలిదొరలో ఉన్నానా?" అంది కూతురు.

"ఉన్నావు."

"పుట్టకముందే?"

"పుట్టకముందే నన్ను తన్నడం మొదలుపెట్టావు, ఇంకా మానలేదు."

అంతే, ఆ పిల్ల విరగబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ వచ్చి తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, వేన్నీళ్ళ గిన్నె తన్నేసింది. నేలంతా నీళ్ళు. వడ్రంగి తుడవడానికి గుడ్డ వెతుకుతూ, "ఆ కోటు కనబడలేదని నేను ఆ యేడంతా వెతికాను," అన్నాడు.

మర్నాడు కూతురు సెలవు పెట్టి తల్లితో స్టూడియోకు వచ్చింది. వచ్చీ రాగానే దర్శకుడికి విషయం చెప్పేసింది, ఈ సినిమాయే తీయకూడదన్న తన తీర్పుతో సహా. దర్శకుడు తెల్లమొహం వేశాడు.

"ఎనిమిదో నెలా?" అన్నాడు.

"ఎనిమిదో నెలే సార్," అంది కూతురు గర్వంగా, అదేదో తన ఘనకార్యమైనట్టు.

అతను వెళ్ళి గులకరాళ్ళ గుంట గట్టు మీద కూర్చున్నాడు. "దాని మీద రెండు గంటలు ఉపన్యాసమిచ్చానండీ నేను," అని తనలో తనే అనుకున్నాడు. తరువాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని అడుగులమ్మ కంగారుపడింది. తీరా చూస్తే నవ్వుతున్నాడు. కానీ నవ్వు ఆగాక మొహం వాడిపోయింది. "మరి నేను ఇన్నాళ్ళూ దేన్ని మళ్ళీ తీస్తున్నట్టు మేడం? ఎవరూ అనుకోకుండా వచ్చినదాన్ని నేను అనుకుని ఎలా తెప్పిస్తాను? మీ అమ్మాయి చెప్పిందే నిజమేమో. ఈ సినిమా తీయకుండా ఉండాల్సింది."

తనకు అనుకూలంగా తీర్పు వచ్చినా కూతురు సంతోషించలేదు. ఆ రెండు రోజుల ముప్పై ఏడు నడకలూ వినిపించమంది. అద్దం వెనక చెవులాయన పక్కన కూర్చుని ఒక్కొక్కటే వింది. పదకొండోదాని దగ్గర చెయ్యెత్తి ఆపింది.

"అమ్మ ఎనిమిదో అడుగు నుంచే ఆగుతోంది. ఇదిగో, ఇక్కడ మడమ ముందే ఆనింది. మా దగ్గర కొత్త డ్రైవర్లు ఇలాగే చేస్తారు. స్టేషన్ వస్తోందని తెలిసి అర కిలోమీటరు ముందే బ్రేకు మీద కాలేస్తారు. ఆగబోతున్నానని తెలిసిన మనిషి నడక వేరేగా ఉంటుందండీ," అంది.

చెవులాయన మళ్ళీ విని, "అవును సుమా!" అన్నాడు. ముప్పై ఏళ్ళ అనుభవమున్నవాడు, ఒక రైలు పిల్ల చెప్పేదాకా తనకు తట్టనందుకు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు కూడా.

కూతురు మైకు మీట నొక్కి, "అమ్మా, ఇవాళ ఆగొద్దు. పదమూడు అడుగులూ ఆపకుండా నడిచేయ్. పాతది మర్చిపో. ఆ కుర్రాణ్ణి చూసి నడువు," అంది.

"ఆగకపోతే వాళ్ళకి పనికిరాదే."

"దర్శకుడుగారు ఒప్పుకున్నారమ్మా. ఆగకుండానే బాగుంటుందట. నడువు."

అడుగులమ్మ, అద్దం వెనక కూతురి పక్కకు చేరిన దర్శకుడి వంక చూసింది. అతను తల ఊపాడు. అయితే అర అడుగు పోయినట్టే. పోతే పోయింది, తిన్నగా నడిచి పేరు తెచ్చుకుందాం అనుకుని ఆవిడ బూట్ల తాళ్ళు బిగించింది. మనసు తేలికైంది. మొదటిసారిగా తెర మీద ఆ కుర్రాడి వీపును నిజంగా చూసింది. పాత గాలిదొర భుజాలు కొండలా ఉండేవి. వీడి భుజాలు సన్నం. తప్పు చేయకపోయినా తిట్లు తిని బయటకు వచ్చిన పిల్లవాడిలా ఉన్నాడు. వీడికి ఆ బరువు నడక ఎలా నప్పుతుంది? కొంచెం తొందర కలిపింది. ఏడుపు ఆపుకుని ఇంటికి పోయేవాడి తొందర.

ఒకసారి నడిచింది, ఆగకుండా. రెండోసారి నడిచింది. మూడోసారి నడుస్తుంటే దర్శకుడు ముందుకు వంగి కూర్చున్నాడు. నాలుగోసారి ఆవిడకు గది గుర్తులేదు, మోకాళ్ళు గుర్తులేవు. ఏడు, ఎనిమిది, తొమ్మిది...

"అమ్మా!"

చెవిలో కూతురి గొంతు. ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, పడిపోయిన పిల్ల పిలిచినట్టు పిలిచింది. అడుగులమ్మ కాలు గాల్లోనే నిలిచిపోయింది. ఒళ్ళంతా నిలిచిపోయింది. తలెత్తి చూస్తే అద్దం వెనక కూతురు క్షేమంగా ఉంది, రెండు చేతులతో నోరు మూసుకుని, నడువు నడువు అన్నట్టు తల ఆడిస్తోంది. ఒక్క క్షణమే. కాలు దిగింది. పదకొండు, పన్నెండు, పదమూడు. తెర మీద కుర్రాడు వెనక్కి తిరిగాడు.

చెవులాయన హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. దర్శకుడు తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తుకొచ్చి, ఆవిడ బూట్ల తాళ్ళు తనే విప్పడం మొదలుపెట్టాడు. "వద్దు బాబూ, వద్దు," అంటూనే ఆవిడ కూతురి కోసం చూసింది. కూతురు వచ్చింది.

"నన్ను భయపెట్టి చంపావు కదే!"

"నువ్వు ఆగావు కదమ్మా," అంది కూతురు. "అమ్మా అంటే చాలు, ఏ పనిలో ఉన్నా ఆగుతావని తెలుసు. చిన్నప్పటి నుంచీ అదే ధైర్యం నాకు."

సినిమా విడుదలైన మొదటి రోజు పొద్దుటాటకు ముగ్గురూ వెళ్ళారు. పాతదే బాగుందని ముందే తీర్మానించుకుని వచ్చినవాళ్ళు వెనక వరుసలో గుసగుసలు పోతూనే ఉన్నారు. వంతెన ఘట్టం వచ్చింది. కుర్రాడు నడిచాడు, తొందర తొందరగా. పదో అడుగు ఆగింది. గుసగుసలు ఆగాయి. ఈ ఘట్టం వచ్చినప్పుడల్లా సిగ్గుతో తల దించుకునే అడుగులమ్మ, ముప్పై ఏళ్ళలో మొదటిసారి తలెత్తి చూసింది. ఎవరో పిలిచినట్టుగా ఆగాడు ఆ పిల్లవాడు. పిలిచినందుకే వెనక్కి తిరిగాడు. పాత సినిమాలో లేనిది అదొక్కటి ఇందులో ఉంది. వెనక వరుసలో ఒకాయన ముక్కు చీదుకోవడం వినిపించింది. చెవులున్న మనిషి కదా, అన్నీ వినిపిస్తాయి ఆవిడకు.

ఆట అయిపోయింది. దీపాలు వెలిగాయి. జనం లేచిపోతున్నారు, పేర్లు ఎవరు చూస్తారు? ఈ ముగ్గురే కూర్చున్నారు. వందల పేర్లు పైకి పోతున్నాయి, కార్లు తోలినవాళ్ళవీ, గడ్డాలు అతికించినవాళ్ళవీ, భోజనాలు వడ్డించినవాళ్ళవీ. కూతురు ముందు సీటు పట్టుకుని కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తోంది. వచ్చింది. అడుగులు అన్న మాట. దాని పక్కన అడుగులమ్మ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. ఆవిడ అడిగి మరీ వేయించిన రెండో పేరు, కూతురిది, దాని కిందే. ఆ సంగతి కూతురికి ఆ క్షణం దాకా తెలియదు. ఆ పిల్ల తల్లి భుజంలో మొహం దాచుకుంది. రెండు పేర్లూ పైకి వెళ్ళిపోయాయి.

"చూశారా అండీ? చూశారా?" అంది అడుగులమ్మ పక్కకు తిరిగి.

వడ్రంగి సీటు కింద నుంచి తల పైకెత్తాడు. ఆయన చేతిలో చెప్పు ఒకటుంది. రెండోది కాళ్ళకు తగిలి ఎటో ముందుకు జారిపోయిందట, వెతుకుతున్నాడు. "వచ్చేసిందా? అప్పుడేనా?" అన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తెర మీద ఇక ఏమీ లేదు, ఊడ్చే మనిషి చీపురుతో లోపలికి వస్తున్నాడు. అడుగులమ్మకు కోపం రావాలి, రాలేదు. పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

కూతురు అప్పటికే లేచి నిలబడింది. చెంపలు తుడుచుకుంటూ, "కూర్చో నాన్నా, కదలకు," అంది. "తర్వాతి ఆటకి టికెట్లు తెస్తాను. మళ్ళీ మొదట్నుంచీ చూద్దాం."